ఇద్దరి కారు, నలుగురి ఇల్లు



డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉంటున్న మన తెలుగు కుర్రాళ్లలో కొందరు, చదువుకు తెచ్చిన అప్పు తీరగానే ముందుగా కొనుక్కునేది స్పోర్ట్స్ కారు. ఒకరిది మస్టాంగ్, ఒకరిది కమారో, ఒకరిది మాజ్డా మియాటా. తర్వాత పెళ్లవుతుంది. అమ్మాయి వీసా వచ్చి ఇక్కడికి చేరుతుంది. కొన్నాళ్లకు శుభవార్త వింటాం. ఆ తర్వాత వారానికో పక్షానికో నాకు ఫోను వస్తుంది. "అన్నా, కారు ఇచ్చేసి పనికొచ్చే బండి ఏదైనా తీసుకోమంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటావు?"

కార్లంటే నాకున్న ఇష్టం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. డబ్బున్నవాళ్ల ముచ్చట అని దీన్ని తోసిపుచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పుట్టినప్పటి నుంచీ ఇంటి కోసం, పరీక్షల కోసం, ఉద్యోగం కోసం బతికిన కుర్రాడు తన సంతోషం కోసమని కొనుక్కున్న మొదటి వస్తువు ఆ కారు. పాత మియాటా అయితే చాలాసార్లు కొత్త కరోలా కంటే చవకగానే వస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నకు ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పాలి.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనం ముందు పెట్టింది. దాని వెనక నిలబడ్డ ఇద్దరు లీ అయకోకా, హాల్ స్పెర్లిచ్. కుర్రకారు ఎగబడి కొన్నారు. ఆ కుర్రకారుకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. స్పెర్లిచ్ ఫోర్డ్‌లో ఉండగానే కుటుంబాల కోసం ఒక చిన్న వ్యాను చేద్దామని పట్టుబట్టాడు. అక్కడ అది ముందుకు సాగలేదు. తర్వాత ఇద్దరూ క్రైస్లర్‌కు వెళ్లారు. 1983 చివర్లో ఆ కంపెనీ నుంచి డాడ్జ్ క్యారవాన్, ప్లిమత్ వాయేజర్ వచ్చాయి. ఇంటి గ్యారేజీలో పట్టే ఎత్తు, పక్కకు జరిగే తలుపు, పిల్లలు ఎక్కడానికి వీలుగా కిందికి ఉన్న ఫ్లోరు. అదే మినీవ్యాన్. ఇరవై రెండేళ్ల వయసులో మస్టాంగ్ కొన్నవాడికి నలభై దాటాక మినీవ్యాన్ అమ్మింది కూడా ఆ ఇద్దరే. మనిషి జీవితంలో ఈ మలుపు ఎంత మామూలుదో వాళ్లకు బాగా తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు ఫోను చేసినవాళ్లను ముందు అడిగేది ఒకటే. నీ కారులో నీకు నచ్చింది బలమా, తేలికదనమా?

స్పోర్ట్స్ కార్లు రెండు జాతులు. ఒక జాతి హార్స్‌పవర్‌తో మనసు దోచుకుంటుంది. సిగ్నల్ పచ్చబడగానే వీపు సీటుకు అతుక్కుపోవాలి, ఇంజన్ గర్జించాలి. మస్టాంగ్ జీటీ అలాంటిది. మీది ఆ జాతి కారైతే, బయటపడే దారి ఎప్పుడో పడింది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు గోల్ఫ్ జీటీఐ అనే కారు చూపించారు. చూడ్డానికి మామూలు ఇంటి కారు. వెనక సీటు ఉంది, సీటు మడిస్తే సామాను పడుతుంది. లోపల 110 హార్స్‌పవర్ ఇంజన్. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్న కంపెనీ ఆ పేరుతో ఇప్పటికీ కార్లు చేస్తూనే ఉంది. ఇవాళైతే కుటుంబం మొత్తం ఎక్కే టెస్లా మోడల్ వై పెర్ఫార్మెన్స్, కంపెనీ లెక్క ప్రకారం, గంటకు 60 మైళ్ల వేగాన్ని 4 సెకన్లలోపే అందుకుంటుంది. ఒకప్పటి వీ8 మస్టాంగ్‌లు ఎన్నో దాని వెనక ఉండిపోతాయి. ఇంజన్ చప్పుడు ఉండదు, నిజమే. ఆ లోటు ఒక్కటీ ఓర్చుకోగలిగితే బలం కోసం కొన్న కారును మార్చేయడంలో పెద్దగా పోయేదేమీ లేదు. వాళ్లతో నా మాట అక్కడితో అయిపోతుంది.

రెండో జాతి గురించే నా బాధంతా.

1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల రచయిత జపాన్‌లో మాజ్డా పెద్ద ఇంజనీరు కెనిచి యమమోటోతో మాట్లాడుతున్నాడు. రోటరీ ఇంజన్‌ను నిలబెట్టిన మనిషి యమమోటో. మా కంపెనీ ఎలాంటి కారు చేస్తే బాగుంటుందని ఆయన అడిగాడు. పాత బ్రిటిష్ టూ-సీటర్ల మాదిరి, టాపు దించుకుని నడుపుకునే తేలికైన చవక కారు ఒకటి చేయండి, ఇప్పుడు అలాంటివి లేకుండా పోతున్నాయని హాల్ చెప్పాడు. అన్నట్టుగానే 1980లో ఇంగ్లండ్‌లో ఎంజీబీ తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత హాల్ మాజ్డాలోనే ఉద్యోగంలో చేరాడు. యమమోటో కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. తోషిహికో హిరాయ్ అనే ఇంజనీరు కారు తయారీ బాధ్యత ఎత్తుకున్నాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఎంఎక్స్-5 మియాటా బయటికొచ్చింది. అమెరికాలో ధర 13,800 డాలర్లు.

ఆ కారు లెక్కలు చూడండి. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. ఈ రోజు మన ఊరి మామూలు ఎస్‌యూవీలకు అంతకంటే ఎక్కువ బలం ఉంది. కానీ దాని బరువు టన్నుకు కాస్త తక్కువే. ఇంజన్‌ను ముందు చక్రాల ఇరుసు కంటే వెనక్కి జరిపి కూర్చోబెట్టారు కాబట్టి బరువు సగం ముందు, సగం వెనక పడుతుంది. మీరు స్టీరింగ్ కొద్దిగా తిప్పితే ముందు చక్రాలతో పాటే మీ నడుమూ తిరిగినట్టు ఉంటుంది. గుర్రమూ రౌతూ ఒకటైపోవాలన్నది ఆ ఇంజనీర్లు పెట్టుకున్న గురి. ఆ సంతోషానికి వేగం అక్కర్లేదు. టెక్సాస్ హిల్ కంట్రీలో ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు ఫార్మ్-టు-మార్కెట్ పల్లె రోడ్ల మీద, చట్టం ఒప్పుకున్న వేగంలోనే, మూడో గేరులోంచి రెండో గేరులోకి దింపుతూ ఒక వంపు తిరిగితే చాలు. 400 హార్స్‌పవర్ ఉన్న కారులో అంతటి సంతోషం కావాలంటే పోలీసు బండి వెంటపడే వేగానికి వెళ్లాలి.

ఈ తేలికదనం పెద్ద కారులో దొరకదు. ఏడుగురు ఎక్కే టయోటా సియెన్నా బరువు మొదటి మియాటాకు రెండింతలకు పైనే. ఇంజనీర్లు ఎంత తెలివి ఉపయోగించినా ఆ బరువు వంపులో తెలుస్తుంది. కాబట్టి మియాటా ఇచ్చేసి "కొంచెం స్పోర్టీగా కూడా ఉండే" ఎస్‌యూవీ తెస్తానంటే నేను వద్దంటాను. డీలరు దగ్గర ఎర్ర కుట్లు వేసిన సీట్లు, పెద్ద చక్రాలు, గట్టి సస్పెన్షన్ చూపించి ఇదే మీకు సరిపోతుందంటారు. ఆ గట్టి సస్పెన్షన్‌కు నిద్రపోయే పాప లేచి ఏడుస్తుంది, పెద్ద చక్రాల టైర్లకు డబ్బు ఎక్కువవుతుంది, వంపులో మాత్రం పాత సంతోషం రాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

మరి రెండు సీట్ల కారుతో ఇల్లు గడుస్తుందా? ఇక్కడ రెండు రకాల ఇబ్బందులను విడదీసి చూడాలి. కొన్ని ఓర్చుకోదగ్గవి, కొన్ని కానివి. ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా కొంటే పక్క సీట్లో పెట్టుకుని రావచ్చు. ఇప్పుడొస్తున్న మియాటా డిక్కీ 130 లీటర్లే అయినా ఇద్దరు రెండు రోజులు ఊరెళ్లడానికి రెండు మెత్తని బ్యాగులు పడతాయి. అవి ఓర్చుకోదగ్గవి.

పసిబిడ్డ విషయం అలా కాదు. వెనక్కి తిరిగి కూర్చునే కార్ సీటును, పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు పెట్టకూడదు. అది తెరుచుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. కొన్ని కార్లలో ఆ ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే ఏర్పాటు ఉంటుంది. అయినా 12 ఏళ్ల వయసు వరకు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెప్తోంది. మియాటాకు వెనక సీటే లేదు. ఇక్కడ బేరాలకు తావు లేదు. బిడ్డ కోసం వెనక సీటున్న కారు ఇంట్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చే రోజుకే ఆ కారులో సీటు బిగించి ఉండాలి కాబట్టి ఎనిమిదో నెల దాటాక ఆలోచిద్దాంలే అని కూర్చోకండి.

ఓర్చుకోలేనివాటిలో రెండోది మన ఇళ్లకు ప్రత్యేకంగా వచ్చేది. పురుడు దగ్గర పడుతుందనగా అమ్మాయి వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో బయల్దేరి డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయంలో దిగుతారు. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి. వాటిలో ఆవకాయ, కారప్పొడులు, సున్నుండలు, బాలింతకు పథ్యం సామాన్లు. ఆ పెట్టెల మాట అలా ఉంచి, అత్తయ్యగారి మోకాళ్లను తలచుకోండి. నేలకు అంత దగ్గరగా ఉన్న సీట్లో కూర్చుని లేవడం అరవై దాటినవాళ్లకు నరకం. వాళ్లుండే ఆ ఆరు నెలలూ గుడికి, పార్కుకు, డాక్టరు దగ్గరికి ఎవరో ఒకరు తీసుకెళ్లాల్సిందే. ఈ దేశంలో కారు కదలకపోతే వాళ్లు నాలుగు గోడల మధ్యే ఉండిపోతారు. నన్నడిగితే కారు మార్పు గురించి ఆలోచించేటప్పుడు పసిబిడ్డ కంటే ముందు గుర్తుకు రావాల్సింది ఆ పెద్దవాళ్లే. బిడ్డను ఎత్తుకుని కూర్చోబెట్టేవాళ్లు ఇంట్లో ఉంటారు. పెద్దవాళ్లు తమకు కష్టంగా ఉందని నోరు తెరిచి చెప్పరు.

కాబట్టి ఇంట్లో పనికొచ్చే కారు ఒకటి ఉండాలన్నదానిపై నాకు సందేహం లేదు. సందేహమల్లా మియాటా వెళ్లిపోవాలా అన్నదే. అది ఎక్కువగా మీరు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది.

సొంత ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ ఉండి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తుంటే ఎలాగూ రెండు కార్లు కావాలి. అందులో ఒకటి పెద్దది తీసుకుని, రెండోది మియాటాగానే ఉండనివ్వండి. వయసు మళ్లిన మియాటా ధర పడాల్సినంత పడిపోయి ఉంటుంది, ఇక పెద్దగా పడదు. కొత్త ఎస్‌యూవీ మొదటి రెండు మూడేళ్లలో పోగొట్టుకునే విలువతో పోలిస్తే అది మీ దగ్గర ఉండటం వల్ల అయ్యే ఖర్చు తక్కువే. రెండు మూడేళ్లు వాడిన మినీవ్యాను, దాని పక్కన పాత మియాటా, ఈ రెండూ కలిపినా ఖరీదైన కొత్త ఎస్‌యూవీ ఒక్కదాని ధర కాకపోవచ్చు. ఇన్సూరెన్స్ రెండింటికీ కట్టాలి కనుక నెలకు ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

అయితే ఉంచుకునేవాళ్లకు నాదొక షరతు. దాన్ని వారానికోసారైనా నడపాలి. ఆఫీసుకు తీసుకెళ్లండి, పాలకో పెరుగుకో తీసుకెళ్లండి. గుడ్డ కప్పి మూల నిలబెట్టిన కారు చెడిపోతుంది. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు డిస్కులకు తుప్పు పడుతుంది, టైర్లు తిరగకపోయినా ముసలివైపోతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. గుర్తుగా దాచుకుంటానంటే కుదరదు. మీ ఆవిడకు మాన్యువల్ గేర్లు నేర్పితే ఇంకా మంచిది. ఆమె కూడా టాపు దించుకుని ఒక్కతీ ఓ సాయంత్రం తిరిగొస్తే అప్పుడది నీ కారు అన్న మాట పోయి మన కారు అవుతుంది. బాలింతగా నెలల తరబడి ఇంట్లో ఉన్న అమ్మాయికి అలాంటి ఒక గంట ఎంత అవసరమో మగవాళ్లు ఊహించరు. అలా నేర్చుకున్న ఆడపిల్లలు నాకు తెలుసు. ఇప్పుడు కారు అమ్ముదామంటే వద్దనేది వాళ్లే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పైకప్పు లేని పార్కింగ్ అయితే నా జవాబు మారుతుంది. డాలస్‌లో మార్చి నుంచి మే దాకా వడగళ్లు ఎలా పడతాయో మీకు చెప్పక్కర్లేదు. మొదటి తరం మియాటా బానెట్ అల్యూమినియం, టాపు వెనక కిటికీ ప్లాస్టిక్. ఒక్క వడగళ్ల వాన చాలు. ఎండకు గుడ్డ టాపు పగుళ్లిస్తుంది. గ్యారేజీ లేనివాళ్లు, ఒక్క కారుతోనే సరిపెట్టుకోవాల్సినవాళ్లు మియాటాను అమ్మేయడమే మంచిదని నేను మనస్ఫూర్తిగా చెప్తాను. అమ్మి, సగం సగం కారు కాకుండా నిజంగా పనికొచ్చేదే తెచ్చుకోండి. మినీవ్యాను అనగానే ముఖం చిట్లించేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. 2021 మోడల్ నుంచి సియెన్నా హైబ్రిడ్‌గానే వస్తోంది. ప్రభుత్వ అంచనాల్లో అది గ్యాలనుకు దాదాపు 36 మైళ్లు ఇస్తే, ఇప్పటి మాన్యువల్ మియాటా ఇచ్చేది 29 దగ్గర. ఏడుగురిని, వాళ్ల సామాన్లను మోసే బండి ఇద్దరిని మోసే బండి కంటే తక్కువ పెట్రోలు తాగుతోంది. అది కూడా గొప్ప ఇంజనీరింగే. దాన్ని గౌరవించడం నేర్చుకోవాలి.

అమ్మేసేవాళ్లకు ధైర్యం కోసం మరో మాట. కొన్ని కార్లను వదులుకుంటే ఇక అంతే. హోండా ఎస్2000 తయారీ 2009లో ఆగిపోయింది. 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజన్ అది. అప్పుడు అమ్మినవాళ్లు ఇప్పుడు మళ్లీ కొనాలంటే ధర విని వెనక్కి తగ్గుతున్నారు. మీ దగ్గర ఉన్నది ఎస్2000 అయితే గ్యారేజీ అద్దెకు తీసుకునైనా ఉంచుకోమంటాను. మియాటా అలా కాదు. 1989 నుంచి నాలుగు తరాలుగా వస్తోంది. 2016లో పది లక్షలవ కారు హిరోషిమా ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చింది. మూడో తరంలో కొంచెం ఒళ్లు చేసినా నాలుగో తరంలో మళ్లీ టన్ను దగ్గరికి దిగింది. పాతవి కావలసినన్ని తిరుగుతున్నాయి. పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక మళ్లీ కొనుక్కున్నవాళ్లు ఈ దేశంలో ఎంతోమంది. అది మీకోసం ఆగుతుంది. పాప మొదటి అయిదేళ్లు ఆగవు.

ఇక అమ్మే పద్ధతి. డీలరుకు ట్రేడ్-ఇన్ ఇస్తే మామూలుగా ధర తక్కువ వస్తుంది. కానీ టెక్సాస్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడ వాహనాల అమ్మకపు పన్ను 6.25 శాతం. ట్రేడ్-ఇన్ విలువ తీసేశాక మిగిలిన మొత్తం మీదే ఆ పన్ను పడుతుంది. మీరు కొనేది 30,000 డాలర్ల బండి, మీ మియాటాకు డీలరు 12,000 ఇస్తానన్నాడు అనుకోండి. పన్ను 18,000 మీదే, అంటే 1,125 డాలర్లు. ట్రేడ్-ఇన్ లేకపోతే 1,875 అయ్యేది. తేడా 750. బయట ఎవరైనా 12,750 కంటే ఎక్కువ ఇస్తేనే విడిగా అమ్మడం లాభం. కాలిఫోర్నియాలో ఉన్న బంధువుల సలహా మాత్రం ఇక్కడ పాటించకండి, అక్కడ ఈ తగ్గింపు లేదు. డీలరు దగ్గర కొత్త బండి ధర, మీ కారు ధర, అప్పు మీద వడ్డీ, మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. నెలకు ఎంత కడతారు అన్న ప్రశ్నతో మాట మొదలుపెడితే జవాబు చెప్పకండి.

విడిగా అమ్మేటట్టయితే వసంతం మొదట్లో అమ్మండి. టాపు దించుకోవాలని అందరికీ అనిపించే రోజులవి. ఆయిలు మార్చిన రసీదులన్నీ ఒక కవరులో పెట్టి ఇవ్వండి. టాపులో చిరుగు ఉంటే కొనేవాడు అడగకముందే చూపించండి. అమ్మిన రోజే నంబరు ప్లేట్లు విప్పేసుకోండి, అద్దానికున్న టోల్‌ట్యాగ్ తీసేయండి, లేకపోతే వాళ్లు తిరిగిన టోలు మీ ఖాతాలో పడుతుంది. టైటిల్ మీద సంతకం చేసి ఇచ్చాక 30 రోజుల్లోగా రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు వాహనం చేతులు మారినట్టు తెలియజేయాలి. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు. మర్చిపోతే మాత్రం కొన్నవాళ్ల పార్కింగ్ టికెట్లు మీ ఇంటికి రావచ్చు.